బురద రంగు ఫోటోలు, పోర్ట్రా మోజు: ఒక తమ్ముడి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు. ఓఎంఆర్‌లో ఉద్యోగం, వేళచ్చేరిలో రూము. మా మావయ్యకు గూడూరులో ఒకప్పుడు ఫోటో స్టూడియో ఉండేది. సంక్రాంతికి వెళ్తే తన పెంటాక్స్ కె1000 నా చేతిలో పెట్టాడు, 50 ఎంఎం ఎఫ్/2 లెన్సుతో సహా. కొత్త బ్యాటరీ వేసి, కొడాక్ గోల్డ్ 200 రీలు ఎక్కించి పొద్దున మెరీనాలో, మధ్యాహ్నం మైలాపూర్ గుడి వీధుల్లో తీశాను. వెలుగు కొలిచే మీటరు ముల్లు మధ్యలోకి వచ్చాకే నొక్కాను. అయినా సగం ఫోటోల్లో ముఖాలు నల్లగా, నీడలన్నీ బురద రంగులో, పైగా ఇసుక చల్లినట్టు విపరీతమైన గ్రెయిన్. ఆఫీసులో ఒకడు గోల్డ్ పనికిరాదు, పోర్ట్రా 400 కొనమంటాడు, ధర చూస్తే టెన్షన్ వస్తోంది. ఇంకొకడు 200 ఫిల్ముని 100 అని పెట్టి తియ్యమంటాడు. మావయ్య పెట్టెలో సీలు తీయని ఇందు బ్లాక్ అండ్ వైట్ రీలు కూడా ఉంది, అది పనిచేస్తుందా? ఇంట్లో కడుక్కోవడం కుదురుతుందా? రెండు నెలల్లో అక్క పెళ్ళి, ఇక్కడే కల్యాణ మండపంలో, రాత్రి ముహూర్తం. దానికి ఏ ఫిల్ము కొనాలి?

జవాబు: తమ్ముడూ, ముందు పోర్ట్రా సంగతి తేల్చేద్దాం. ఇప్పుడు కొనకు. అది మంచి ఫిల్మే, కాదనను, కానీ నీ రీలు చెడింది ఫిల్ము వల్ల కాదు కాబట్టి ఇదే పద్ధతిలో పోర్ట్రా వేసి తీసినా ఇంకాస్త ఖరీదైన బురదే వస్తుంది. నీ ఫోటోలకు వెలుగు చాల్లేదు. ఇది నేను ఇక్కడ కూర్చుని ఊహించి చెబుతున్న మాటే గానీ, నిజమో కాదో నువ్వే ఐదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

ల్యాబ్ వాళ్ళు స్కాన్లు ఫోనుకు పంపి ఊరుకుని ఉంటే, వెళ్ళి నెగెటివ్‌లు అడిగి తెచ్చుకో. కిటికీ దగ్గర తెల్లటి ఆకాశానికి ఎదురుగా పట్టుకుని చూడు. నెగెటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది కదా, వెలుగు బాగా తగిలినచోట చిక్కగా, తగలనిచోట పల్చగా. నీ ఫోటోల్లో నల్లబడిన ముఖాలు ఉన్నచోట నెగెటివ్ మీద ముక్కూ కళ్ళూ ఏమీ లేకుండా ఉత్త నారింజ రంగే కనబడుతోందంటే, అక్కడ ఫిల్ము మీద ఏదీ పడలేదన్నమాట. స్కానరు ఊరుకోదు, లేనిదాన్ని పైకి లాగుతుంది. ఎండిన బావిలో చేద వేస్తే వచ్చేది బురదే. నీ గ్రెయిన్ అంతా అక్కణ్నుంచి వచ్చిందే.

ఇంకొకటి కూడా చూడు. ఫిల్ము అంచున, చిల్లుల పక్కన, ఫిల్ము పేరూ ఫ్రేము నంబర్లూ ఉంటాయి. అవి ఫ్యాక్టరీలోనే వెలుగుతో వేసినవి, నీ కెమెరాకూ వాటికీ సంబంధం లేదు. ఆ అక్షరాలు చిక్కగా స్పష్టంగా ఉండి ఫోటో మాత్రం పల్చగా ఉంటే తప్పు ఎక్స్‌పోజరుది, అంటే ఫిల్ముకు నువ్వు ఇచ్చిన వెలుగుది. అక్షరాలు కూడా వెలిసిపోయి ఉంటే కడగడంలో తేడా వచ్చింది, అప్పుడు ల్యాబ్‌ని అడగొచ్చు. ఇది చూడకుండా ల్యాబ్ వాళ్ళతో గొడవకు దిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు, వచ్చిన రీలు మెషీన్‌లో వేసి తీస్తారు.

మరి ముల్లు మధ్యలో పెట్టే తీశాను కదా అంటావు. అసలు చిక్కు అక్కడే ఉంది. కె1000 మీటరు ఫ్రేములో కనబడేదంతా కలిపి సగటు చూస్తుంది, ఆ సగటు ఒక మధ్యరకం బూడిద రంగుకు రావాలని దాని లెక్క. ఎదురుగా ఉన్నది ఆకాశమో, మనిషి ముఖమో దానికి పట్టదు. 1976 నుంచి 1997 దాకా తయారైన ఈ కెమెరాను అన్ని దేశాల్లోనూ ఫోటోగ్రఫీ విద్యార్థుల చేతిలో పెట్టడానికి ఇది కూడా ఒక కారణమేనని నా అభిప్రాయం, ఆలోచించే పని మొత్తం నీకే వదిలేస్తుంది.

మెరీనాలో పొద్దున నువ్వు ఎటు తిరిగి తీశావు? మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రం మీంచే వస్తాడు. సముద్రం వైపు తిరిగి తీస్తే ఫ్రేములో ముప్పాతిక భాగం ఆకాశం, తళతళలాడే నీళ్ళు, నీ వైపు చూస్తున్న మనిషి ముఖమేమో పూర్తిగా నీడలో. మీటరు ఆ ఆకాశాన్ని చూసి ఇంత వెలుగు వద్దంటుంది, ముల్లు మధ్యకు తేవడానికి నువ్వు ఎపర్చరును, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/11, ఎఫ్/16 అని మూసుకుంటూ పోతావు (నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), చివరికి ఆకాశం చక్కగా వస్తుంది, సుండల్ అమ్మే కుర్రాడి ముఖం పోతుంది. అదే బీచ్‌కు సాయంత్రం వెళ్ళావనుకో, ఎండ నగరం వైపు నుంచి, అంటే నీ వెనక నుంచి పడుతుంది. ముఖాలూ వెలుగుతాయి, వెనక నీళ్ళకూ రంగు ఉంటుంది. మైలాపూర్‌లో కూడా అంతే. కపాలీశ్వరుడి పెద్ద గోపురం తూర్పు వైపు ఉంది కాబట్టి దాని బొమ్మల మీద పొద్దుటి ఎండ పడుతుంది. మధ్యాహ్నం దాటాక ఆ వీధిలో నిలబడి తల పైకెత్తి తీస్తే గోపురం తన నీడలో తనుంటుంది, వెనక ఆకాశం తెల్లగా మండుతుంటుంది. ఆ వేళకు కోనేటి వైపు పోవాలి, కోనేరు గుడికి పడమర ఉంది, అటు నుంచి చూస్తే ఎండ గుడి మీద పడుతుంది. ఫిల్ము ఏదో ఎంచుకునే ముందు ఏ వేళకు ఎక్కడ నిలబడాలో ఎంచుకోవాలని నేను అనేది ఇందుకే. ఇది పైసా ఖర్చు లేని పని, అందుకే కాబోలు ఎవరూ చెప్పరు.

ఇక మీటరుకు ఏం చూపించాలో నువ్వు నిర్ణయించు. తెలిసిన మనిషైతే దగ్గరికి వెళ్ళి ముఖం ఫ్రేము నిండా వచ్చేట్టు చూసి, ముల్లు మధ్యకు తెచ్చి, ఆ ఎపర్చరూ ఆ షట్టర్ స్పీడూ అలాగే ఉంచి వెనక్కి వచ్చి ఫోటో తియ్యి. వెనక్కి వచ్చాక ముల్లు ఎక్కడికో పోతుంది, పోనీ, పట్టించుకోకు. మనవాళ్ళ చామనచాయ ముఖాలు ఆ మధ్యరకం బూడిదకు దగ్గరగానే ఉంటాయి కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. తెలియనివాళ్ళ ముఖంలో కెమెరా పెట్టలేం కదా, అప్పుడు నీ అరచేతినే మీటరుకు చూపించు. ఎదుటి మనిషి మీద పడుతున్న వెలుగే నీ అరచేతి మీద కూడా పడాలి, అది ముఖ్యం, వాళ్ళు నీడలో ఉంటే నీ చేతిని కూడా నీడలో పెట్టు. అరచెయ్యి మధ్యరకం బూడిద కంటే సుమారు ఒక స్టాపు తెల్లగా ఉంటుంది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు కావడం, లేదా సగం కావడం), ఎవరి ఒంటి రంగు ఏదైనా అరచేతుల్లో తేడా తక్కువ. కాబట్టి ముల్లు మధ్యకు వచ్చాక ఒక స్టాపు వెలుగు పెంచు, ఎఫ్/8 ఉంటే ఎఫ్/5.6, లేదా 1/250 ఉంటే 1/125.

ముఖాల మాట వచ్చింది గనుక ఒకటి చెప్పాలి. కొడాక్ ల్యాబులకు రంగులు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డులని పంపేది, వాటిమీద దశాబ్దాల పాటు తెల్లజాతి అమ్మాయి బొమ్మే ఉండేది. ఆ ముఖం బాగా వస్తే అన్నీ బాగా వచ్చినట్టే లెక్క. ఇప్పటి ఫిల్ములు అప్పటికంటే చాలా మెరుగు, అయినా స్కాన్లో మనవాళ్ళను ఉత్తినే తెల్లగా చేసే ఆటోమేటిక్ సర్దుబాట్లు ఉంటాయి, రంగులు ముట్టుకోకుండా స్కాన్ చేసి ఇవ్వమని అడుగు. కాస్త చప్పగా కనిపిస్తుంది, ఫోన్లో నువ్వే సరిచేసుకోవచ్చు.

బ్యాటరీ అయిపోయిందనుకో, లేదా మీటరు మీద నమ్మకం పోయిందనుకో, అప్పుడు కూడా తియ్యొచ్చు. ఎఫ్/16 సూత్రం ఒకటుంది: నేరుగా ఎండ పడుతున్నప్పుడు ఎపర్చరు ఎఫ్/16, షట్టర్ స్పీడు ఫిల్ము నంబరుకు దగ్గరది, అంటే నీ గోల్డ్ 200కు 1/250. పల్చటి మబ్బు ఉంటే ఎఫ్/11, మబ్బు కమ్మితే ఎఫ్/8, కారుమబ్బైతే ఎఫ్/5.6, పందిరి కిందో గోడ నీడలోనో మనిషి ఉంటే ఎఫ్/4. ఇది ఎక్కడో చల్లటి దేశాల్లో తేటగా ఉండే ఆకాశానికి రాసుకున్న లెక్క. మన సముద్రపు గాలిలో తేమ, దుమ్ము, వాహనాల పొగ అన్నీ ఉంటాయి కాబట్టి చెన్నైలో నేరుగా ఎండ ఉన్నా నేను ఎఫ్/11తోనే మొదలుపెడతాను. గుడి మండపం లోపలికి, జార్జ్‌టౌన్ సందుల్లోకి వెళ్తే ఎఫ్/4 కూడా చాలదు, అక్కడ ఎఫ్/2.8 పెట్టి 1/125కు దిగు, ఇంకా చీకటిగా ఉంటే 1/60, అంతకంటే కిందకు దిగితే చెయ్యి వణికి ఫోటో చెదురుతుంది.

మీటరు అసలు సరిగ్గా ఉందా అన్నది కూడా ఒకసారి చూసుకో, ఎందుకంటే ఆ కెమెరా వయసు నీకంటే ఎక్కువ ఉండొచ్చు. ఒకే రంగు గోడ మీద, ఒకేరకం వెలుగులో, నీ ఫోనులో లైట్ మీటర్ యాప్ పెట్టి పోల్చు. ఎప్పుడూ ఒక స్టాపు తేడానే చూపిస్తుంటే కంగారేం లేదు, ఐఎస్ఓ డయల్‌ని, అంటే 100, 200 అని ఫిల్ము నంబరు పెట్టే చక్రాన్ని, ఆ మేరకు జరుపుకుంటే సరిపోతుంది. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి చూపిస్తుంటే మాత్రం దాన్ని నమ్మకు. బ్యాటరీ ఎల్‌ఆర్44 కంటే ఎస్ఆర్44 మేలు, సైజు ఒకటే, చివరి దాకా ఓల్టేజి నిలకడగా ఉంటుంది. ఆ కెమెరాలో మీటరు ఆపే స్విచ్ లేదు, తీయనప్పుడు లెన్సుకు మూత పెట్టి ఉంచు, లేకపోతే బ్యాటరీ ఊరికే అయిపోతుంది.

200ను 100 అని పెట్టమన్నవాడు సగం నిజం చెప్పాడు. కలర్ నెగెటివ్‌కు వెలుగు ఎక్కువైతే తట్టుకుంటుంది, తక్కువైతే తట్టుకోదు. గోల్డ్ 200 రెండు స్టాపులు తక్కువ నుంచి మూడు స్టాపులు ఎక్కువ దాకా సహిస్తుందని కొడాకే చెప్పుకుంటుంది. ఆ మూడును నమ్మొచ్చు గానీ రెండును నేను నమ్మను, ఒక స్టాపు తగ్గేసరికే నీడల్లో రంగు చెడుతుంది. డయల్ 100 మీద పెడితే ప్రతి ఫోటోకూ ఒక స్టాపు వెలుగు అదనంగా వెళ్తుంది, మీటరు చేసే పొరపాట్లు కొన్ని అందులో కలిసిపోతాయి. కొత్తలో అలాగే చెయ్, తప్పులేదు. కానీ సముద్రానికి ఎదురు తిరిగి తీసినప్పుడు మీటరు మూడు స్టాపులు తప్పు చెబుతుంటే ఈ ఒక్క స్టాపు నిన్ను ఆదుకోదు. ఇంకో సంగతి, ఇలా తీసినప్పుడు ల్యాబ్‌లో ఏమీ చెప్పకూడదు, మామూలుగా కడగమనాలి. 100 అని పెట్టి తీశాను, దానికి తగ్గట్టు కడగండి అన్నావంటే వాళ్ళు కడిగే సమయం తగ్గిస్తారు, నువ్వు ఇచ్చిన వెలుగు లాభం అక్కడే పోతుంది. ఒకవేళ ఎవరైనా స్లైడ్ ఫిల్ము, అంటే ఎక్టాక్రోమ్ ఇ100 లాంటిది ఇస్తే ఈ సలహా అస్సలు వాడకు, దానికి అర స్టాపు ఎక్కువైనా తెల్లబడిపోతుంది. నీకు ఇప్పుడు దాని జోలి వద్దు.

ఇక ఏ ఫిల్ము కొనాలి. నీ పరిస్థితిలో నేనైతే గోల్డ్ 200నే మళ్ళీ మళ్ళీ కొంటాను, వరసగా అదే. ప్రతిసారీ ఫిల్ము మారిస్తే ఫోటో బాగా వచ్చింది నీ వల్లో ఫిల్ము వల్లో తెలీదు. గోల్డ్ రంగులు కాస్త పసుపు వైపు, వెచ్చగా ఉంటాయి, మన సాయంత్రపు ఎండకు, పట్టుచీరలకు, పసుపూ కుంకుమా ఉన్న గుడి వీధికి అది నప్పుతుంది. ఎక్టార్ 100 రంగులు ఇంకా గాఢంగా, గ్రెయిన్ చాలా సన్నగా ఉంటుంది, మహాబలిపురం రాళ్ళకు, కాసిమేడు పడవలకు బాగుంటుంది గానీ ముఖాలను ఎర్రబరుస్తుంది. పోర్ట్రా 400 మెత్తటి ఫిల్ము, నీడకూ ఎండకూ మధ్య ఎక్కువ తేడా ఉన్నచోట రెండూ నిలుస్తాయి, ఒంటి రంగు చక్కగా వస్తుంది. చేయి కుదిరాక, ఏదైనా ముఖ్యమైన పనికి కొనుక్కో. అల్ట్రామాక్స్ 400 సంగతి పెళ్ళి దగ్గర చెబుతాను. ధర లెక్క వేసేటప్పుడు రీలు ధర ఒక్కటే చూడకు, కడిగింపు, స్కానింగు కూడా కలిపి 36తో భాగించు, ఒక్కో ఫోటోకు ఎంత పడుతుందో అప్పుడు తెలుస్తుంది. అది చూస్తే గోల్డ్‌కూ పోర్ట్రాకూ తేడా నువ్వు అనుకున్నంత ఉండదు, అలాగే ఉత్తినే నొక్కే అలవాటు కూడా తగ్గుతుంది.

సినిమా ఫిల్ము చుట్టి అమ్మే రీళ్ళు కూడా నీ కంటపడే ఉంటాయి, కొడాక్ విజన్3 250డి, 500టి అని. కోడంబాకం ఉన్న ఊళ్ళో ఆ పేర్లు వినగానే మనసు లాగుతుంది, తెలుగు సినిమాలు ఇక్కడే తయారైన రోజుల్ని తలచుకుని మరీ కొంటారు మనవాళ్ళు. ఫిల్ము మంచిదే. కానీ ఆ ఫిల్ము పాత స్టాకు వెనక రెమ్‌జెట్ అనే నల్లటి మసి పూత ఉంటుంది, మామూలు కలర్ మెషీన్‌లో వేస్తే ఆ మసి ఊడి మందంతా పాడై, తర్వాత వచ్చేవాళ్ళ రీళ్ళు కూడా చెడతాయి. దాన్ని ఇసిఎన్-2 పద్ధతిలో కడగాలి. కొనే ముందు ఎవరు కడుగుతారో కనుక్కో, ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు ఏ ఫిల్మో దాచకుండా చెప్పు. 500టి బల్బు వెలుగుకు చేసినది, పగటిపూట ఫిల్టర్ లేకుండా తీస్తే అంతా నీలంగా వస్తుంది, కొందరికి అదే ఇష్టం, నాకు కాదు.

మావయ్య పెట్టెలో ఉన్న ఇందు రీలు. ఊటీలో 1960లో పెట్టిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ళది అది, మన దేశంలో స్టూడియోలు ఒక కాలంలో దానిమీదే నడిచాయి, మావయ్యను అడుగు, గంటసేపు చెబుతాడు. వాడాలనుకుంటే వాడు, కానీ ఏదీ ఆశించకు. గడువు తీరిన ప్రతి పదేళ్ళకూ ఒక స్టాపు వెలుగు ఎక్కువ ఇవ్వమని అందరూ చెప్పే లెక్క, అది చల్లగా దాచినవాటికి సరిపోతుందేమో గానీ గూడూరు ఎండల్లో అటక మీద ఉన్న రీలుకు ఇంకా ఎక్కువే ఇవ్వాలి. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి కలర్ కంటే కాస్త ఆశ ఉంది, బూడిద పొర కమ్మినా ఏదో ఒక బొమ్మ కనబడుతుంది. నన్నడిగితే దాన్ని డబ్బాతో సహా అలమరలో పెట్టుకో. చవగ్గా దొరికే గడువు తీరిన కలర్ రీళ్ళు మాత్రం నేర్చుకునేవాడికి శత్రువులు, ఫోటో చెడితే తప్పు నీదో ఫిల్ముదో ఎప్పటికీ తేలదు.

ఇంట్లో కడుక్కోవడం గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పుస్తకాల్లో రాసిన లెక్కలు చెన్నైలో మొదటి రోజే తిరగబడతాయి. బ్లాక్ అండ్ వైట్‌తోనే మొదలుపెట్టు, ఇల్‌ఫోర్డ్ హెచ్‌పి5 ప్లస్ తీసుకో, 400 ఫిల్ము, ఎక్స్‌పోజరు అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. డార్క్‌రూమ్ అక్కర్లేదు, చేతులు దూర్చే నల్ల సంచీ, ఒక ట్యాంకు, థర్మామీటరు, డెవలపరు, ఫిక్సరు ఉంటే రూములోనే అయిపోతుంది. చిక్కంతా నీళ్ళతోనే. లెక్కలన్నీ 20 డిగ్రీలకు రాసి ఉంటాయి. హెచ్‌పి5ను ఐడి-11 అనే డెవలపరులో నీళ్ళు కలపకుండా కడిగితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. మన కుళాయి నీళ్ళు ఎండాకాలంలో 30 దాటే ఉంటాయి, మేడ మీది ట్యాంకు నీళ్ళయితే చెప్పక్కర్లేదు. వేడి పెరిగితే మందు వేగంగా పనిచేస్తుంది, అప్పుడు సమయం తగ్గించాలి, తగ్గించి తగ్గించి ఐదు నిమిషాల లోపుకు వచ్చామంటే ఫిల్ము మీద మందు సమంగా పట్టదు, ఆకాశంలో చారలు వస్తాయి.

దీనికి ఉపాయం ఏమిటంటే, 20కి తేవాలని మంకుపట్టు పట్టకుండా 24 దగ్గర ఆగి, డెవలపరులో సమానంగా నీళ్ళు కలిపి పలుచన చెయ్. అలా సగానికి సగం కలిపితే 20 డిగ్రీల దగ్గర 13 నిమిషాలు పట్టేది 24 దగ్గర సుమారు తొమ్మిదికి వస్తుంది, చేతిలో కావలసినంత సమయం ఉంటుంది. 24కు తేవడానికి ఒక బకెట్టులో నీళ్ళు పోసి ఐసు వేసి అందులో మందు సీసాలు నిలబెట్టు, ఐసు ముక్కలు మాత్రం మందులో వెయ్యకు, కరిగి ఇంకా పలుచనవుతుంది. డెవలపరు ఒక్కటే చల్లబరిచి కడిగే నీళ్ళు 32లో పోసేవాళ్ళున్నారు, ఫిల్ము మీది జిలటిన్ ఒక్కసారిగా ఉబ్బి ముడతలు పడొచ్చు. డెవలపరు, ఫిక్సరు, కడిగే నీళ్ళు అన్నీ ఇంచుమించు ఒకే వేడిలో ఉండాలి. చివరిసారి కడగడానికి క్యాన్ నీళ్ళు వాడు, మన బోరు నీళ్ళయితే ఆరాక తెల్లమచ్చలు మిగులుతాయి. ఆరేసేది బాత్‌రూమ్‌లో, ఫ్యాన్ వేయకుండా, దుమ్ము అక్కడే తక్కువ.

కలరు ఇంట్లో వద్దు. కలర్ ఫిల్ము కడిగే సి-41 పద్ధతికి 38 డిగ్రీలు కావాలి, డెవలపరులో మూడుంపావు నిమిషాలు, ఆ కాసేపూ వేడి కదలకూడదు. చెన్నైలో 38కి చేరడం ఎవరికైనా వచ్చు, అక్కడ నిలబెట్టడమే కష్టం. ల్యాబ్‌కే ఇవ్వు.

అక్క పెళ్ళి. ముందొక మాట, పెళ్ళికి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడారు కదా? నీ కెమెరా ఒక్కదాని మీదే ఆ బరువు పెట్టకు. నువ్వు తీసేవి నీ కోసం, అక్క కోసం. మండపంలో వెలుగు నీ కంటికి జిగేల్మంటుంది గానీ ఫిల్ముకు అది చాలా తక్కువ. వేదిక మీద దీపాలు బాగా వేసినా 400 ఫిల్ముతో ఎఫ్/2 దగ్గర 1/60 వస్తే గొప్ప, గోల్డ్ 200తో 1/30కి దిగాలి, చేత్తో పట్టుకుని అది కష్టం. పైగా బల్బుల కింద పసుపూ ఎరుపూ, ట్యూబ్‌లైట్ల కింద ఆకుపచ్చా కలిసి ముఖాల మీద పడతాయి. అందుకని రెండు దారులున్నాయి. ఒకటి ఫ్లాష్. అల్ట్రామాక్స్ 400 వేసి, కెమెరాలో షట్టరు 1/60 మీద పెట్టు, కె1000లో ఫ్లాష్ కలిసేది దాని దగ్గరే, అంతకంటే వేగం పెడితే ఫోటోలో ఒక పక్కంతా నల్లగా వస్తుంది. ఫ్లాష్ మీద రాసిన గైడ్ నంబరు, అంటే దాని శక్తిని చెప్పే అంకె, సాధారణంగా 100 ఫిల్ముకు ఉంటుంది, 400కి దాన్ని రెట్టింపు చేసుకో. 28 ఉంటే 56 అవుతుంది, అక్కాబావలు నీకు ఐదు మీటర్ల దూరంలో ఉంటే 56ను ఐదుతో భాగించు, పదకొండు చిల్లర, అంటే ఎఫ్/11. ఇందాకటి సంగతి గుర్తుంది కదా, ఎఫ్/8 పెట్టు, ఒక స్టాపు ఎక్కువే పోనీ.

రెండోది ఫ్లాష్ లేకుండా హెచ్‌పి5ను 1600 అని పెట్టి తీసి, కడిగేటప్పుడు రెండు స్టాపులు పుష్ చేయించడం, అంటే ఎక్కువసేపు కడిగించడం. రంగుల గొడవ ఉండదు, దీపాల వెలుగు దీపాల వెలుగులాగే వస్తుంది. నీడలు నల్లబడతాయి, పుష్ చేస్తే లేని వివరం పుట్టదు, ఉన్నది చిక్కబడుతుంది, అంతే. నాకైతే జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ ఇలా తియ్యడమే ఇష్టం. కానీ రీలంతా 1600 మీదే తియ్యాలి, సగంలో మారిస్తే ఏదో ఒక సగం పోతుంది, రీలు మొత్తం ఒకే ట్యాంకులో కదా మునిగేది.

ఇక్కడ మళ్ళీ మీటరుతో జాగ్రత్త. మధుపర్కాలు కట్టుకుని కూర్చుంటారు ఇద్దరూ, ఎర్రంచు తెల్లబట్టలు, ఫ్రేము నిండా తెలుపే. మీటరు ఆ తెలుపును బూడిదకు దింపేస్తుంది, ముఖాలు నీ మెరీనా రీలులో లాగే నల్లబడతాయి. ముహూర్తానికి ముందే వేదిక ఎక్కి, పెళ్ళిపీటల దగ్గర అరచెయ్యి పెట్టి చూసుకుని, ఒక స్టాపు పెంచి, ఆ లెక్క బుర్రలో పెట్టుకో. వేదిక మీది దీపాలు రాత్రంతా మారవు కాబట్టి ఇక ముల్లు వైపు చూడనక్కర్లేదు. వీడియో అతను లైటు వేసినప్పుడు మాత్రం ఒక స్టాపో రెండో తగ్గించుకో. తలంబ్రాలు ఎప్పుడు పోస్తారో చూస్తూ ఉండు, అవి ఎగిరేటప్పుడు 1/60 చాలదు, అక్కడ ఫ్లాషే గతి.

ఈ రెండు నెలల్లో ఏదో ఒక సాయంత్రం అదే మండపానికో, అలాంటి ఇంకో పెళ్ళికో వెళ్ళి ఒక రీలు తీసి, కడిగించి చూసుకో. రీళ్ళు కొన్న దగ్గర్నుంచి ఫ్రిజ్‌లో పెట్టు, డబ్బా మూత తీయకుండా జిప్ కవరులో వేసి. తీసే రోజు పొద్దునే బయట పెట్టు, చల్లటి ఫిల్ముని వెంటనే విప్పితే ఈ ఊరి తేమకు దానిమీద నీటి బిందువులు కడతాయి. బైక్ డిక్కీలో, కారు అద్దం ముందర రీలు వదిలి వెళ్ళకు. ఎవరైనా బంధువులు విమానంలో రీళ్ళు తెస్తుంటే చెక్‌ఇన్ సామాన్లో పెట్టొద్దని చెప్పు, చేతి సంచీకి కూడా సీటీ స్కానర్ ఉన్నచోట చేత్తో చూడమని అడగాలి, ఆ కిరణాలకు ఫిల్ము మసకేస్తుంది. పెళ్ళి అయిన మర్నాడే, చుట్టాలు వెళ్ళేదాకా ఆగకుండా, రీళ్ళు ల్యాబ్‌లో ఇచ్చెయ్. పుష్ చేయాల్సిన రీలు మీద మార్కరుతో 1600, +2 అని పెద్దగా రాసి ఇవ్వు, బిల్లు మీద కూడా రాయించు, నోటిమాటగా చెబితే కౌంటర్లో ఉన్న మనిషి లోపలివాళ్ళకు చెప్పడం మర్చిపోతాడు.